కళాశాలకు వెళ్లి రావడానికి తక్కువ ధరలో సెకండ్ హ్యాండ్ బైకు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదు శివార్లలో ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మేడ్చల్, గండిపేట వైపు ఉన్న ఇంజనీరింగ్ కళాశాలలకు రోజూ నగరం నుంచి వెళ్లి వచ్చే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు పాత బండి కొనే ముందు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. విజయవాడ, గుంటూరు, వరంగల్ వంటి చోట్ల చదువుకునే వారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. జవాబులన్నిటి వెనుక ఉన్న అభిప్రాయం ఒక్కటే: విద్యార్థి కొనవలసింది ఆలస్యం లేకుండా తన పేరు మీదకు మారగల బండి. మోడల్, రంగు, ధర ఆ తరువాతే చూసుకోవాలి.

అసలు బండి అవసరమా? బస్సులో వెళ్తే సరిపోదా?

ఇంటి దగ్గర ఎక్కి కళాశాల గేటు దగ్గర దిగగల ఆర్టీసీ బస్సో, కళాశాల బస్సో ఉంటే విద్యార్థి పాసే చవక, అదే క్షేమం. రెండు బస్సులు మారవలసి వచ్చినా, సాయంత్రం ల్యాబు ముగిసేసరికి బస్సులు దొరకకపోయినా, చివరి మూడు నాలుగు కిలోమీటర్లు షేర్ ఆటోల మీద ఆధారపడవలసి వచ్చినా బండి గురించి ఆలోచించడంలో అర్థం ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదకు ద్విచక్ర వాహనాలను అనుమతించరు కాబట్టి, పటంలో దగ్గరగా కనిపించే కళాశాలకు కూడా సర్వీసు రోడ్డు మీదుగానో ఊళ్ల మధ్య నుంచో వెళ్లవలసి వస్తుంది. కొనడానికి ముందే ఆ దారిలో ఒకసారి వెళ్లి, గుంతలు, కంకర, రాత్రి వెలుతురు ఎలా ఉన్నాయో చూసుకోవాలి.

ఎంత డబ్బు సిద్ధం చేసుకోవాలి?

చేతిలో ఉన్నదంతా బండి ధరకే పెట్టకూడదు. మొత్తం నలభై వేలు ఉంటే ముప్పై రెండు వేలకు మించని బండిని వెతకాలి. మిగిలిన ఎనిమిది వేలు పేరు మార్పిడి ఫీజుకు, బీమాకు, ఐఎస్ఐ గుర్తు ఉన్న మంచి హెల్మెట్‌కు, మొదటి సర్వీసుకు కావాలి. కొన్న బండికి రెండు టైర్లు, చైన్ స్ప్రాకెట్ సెట్టు, బ్యాటరీ కలిపి మార్చవలసి వస్తే ఆ ఎనిమిది వేలు కూడా చాలకపోవచ్చు. అందువల్ల తక్కువకు దొరికిన అరిగిన బండి కంటే, కొంచెం ఎక్కువకు దొరికిన మంచి టైర్ల బండి చవక కావడం మామూలు విషయమే. అమ్మేవారు చెప్పిన ధరకు, వెంటనే పెట్టవలసిన ఖర్చును కలిపి కాగితం మీద రాసుకుంటే ఏది చవకో తేలికగా తెలుస్తుంది.

పెట్రోలు లెక్క కూడా ముందే వేసుకోవాలి. రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున నెలకు 22 రోజులు తిరిగితే 880 కిలోమీటర్లు అవుతుంది. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండికి పదిహేను లీటర్ల లోపే సరిపోతుంది. 40 మాత్రమే ఇచ్చే బండికి 22 లీటర్లు కావాలి. లీటరు 107 రూపాయల లెక్కన చూస్తే నెలకు సుమారు 780 రూపాయల తేడా వస్తుంది. ఆ భారం చదువు పూర్తయ్యే వరకూ ప్రతి నెలా ఇంటి మీద పడుతుంది.

ఏ మోడల్ తీసుకుంటే మంచిది?

రోజూ ఇరవై ముప్పై కిలోమీటర్లు ఒంటరిగా వెళ్లి వచ్చే వారికి 100 నుంచి 125 సీసీ బండి చాలు. నా మొదటి సలహా స్ప్లెండర్. 97.2 సీసీ ఇంజిన్‌తో దశాబ్దాలుగా పెద్ద మార్పులు లేకుండా వస్తున్న ఈ బండికి విడిభాగాలు చిన్న మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా విప్పగలడు. చక్రాలు 18 అంగుళాలవి కావడం వల్ల కళాశాలల దగ్గరి గతుకుల రోడ్ల మీద స్కూటర్ కంటే స్థిరంగా వెళ్తుంది. అయితే ఈ గుణాల వల్లనే దానికి పాత బండ్ల బజారులో ధర తగ్గదు, దొంగల కన్నూ దాని మీదే ఉంటుంది. అదే డబ్బుకు బజాజ్ ప్లాటినా అయితే మరో రెండు మూడేళ్లు కొత్తది దొరికే అవకాశం ఉంది. మైలేజీ ఒక్కటే ముఖ్యం అనుకునే వారు దాన్ని తప్పకుండా చూడాలి. వెనుక తరచుగా మరొకరు కూర్చునే పరిస్థితి ఉంటే, లేదా దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువగా ఉంటే హోండా షైన్ వంటి 125 సీసీ బండి మీద ఇంజిన్‌కు శ్రమ తగ్గుతుంది.

యాక్టివా, జూపిటర్ వంటి స్కూటర్లు నగరం లోపలి కళాశాలలకు చాలా అనువైనవి. బ్యాగు పెట్టుకోవడానికి చోటు ఉంటుంది, గేర్ల బాధ ఉండదు. ఇంట్లో అక్కచెల్లెళ్లు, తల్లి కూడా అదే బండి వాడుకోగలగడం మధ్యతరగతి కుటుంబానికి చిన్న లాభం కాదు. పాత స్కూటర్ కొనేటప్పుడు ఇంజిన్ శక్తిని వెనుక చక్రానికి అందించే డ్రైవ్ బెల్టు, గేర్ల పని చేసే వేరియేటర్ రోలర్లు ఎప్పుడు మార్చారో తప్పక అడగాలి. ఆగిన చోటు నుంచి కదిలేటప్పుడు అదురు వస్తే ఆ ఖర్చు దగ్గరలోనే ఉందని అర్థం. యాక్టివా వెనుక చక్రం 10 అంగుళాలదే కాబట్టి గుంతల దెబ్బ నడుముకు ఎక్కువగా తగులుతుంది.

ఆర్ఎక్స్ 100 లేదా పాత పల్సర్ తీసుకోవచ్చా?

యమహా ఆర్ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. ఇప్పుడు దొరికే వాటిలో చాలా వరకు విప్పి తిరిగి కట్టినవే. ఇష్టంతో పెంచుకునే వారికి అవి బాగుంటాయి. ఉదయం తొమ్మిదింటి క్లాసుకు తప్పకుండా చేరవలసిన విద్యార్థికి పనికిరావు. పల్సర్ మంచి బండే. కానీ కుర్రకారు చేతిలో వేగంగా నడిచిన పల్సర్ల మధ్య జాగ్రత్తగా వాడినదాన్ని గుర్తించడం కష్టం. తెలిసిన కుటుంబం నుంచి వస్తేనే చూడమని చెబుతాను.

ఎంత పాత బండి వరకు కొనవచ్చు?

సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ కట్టి, అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఇంజనీరింగ్ నాలుగేళ్లు వాడి, చివర అమ్మాలన్నా గడువు మిగిలి ఉండాలి కాబట్టి ఎనిమిదేళ్లు దాటని బండి మేలు.

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 (పొగ కాలుష్యానికి హద్దు పెట్టే భారత్ స్టేజ్ ప్రమాణాలలో ఆరోది) బండ్లు మాత్రమే కొత్తగా అమ్ముతున్నారు. అంతకు ముందరి బీఎస్ 4 బండ్లలో, 100 సీసీ తరగతిలో, ఎక్కువ వాటికి పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటరే ఉంటుంది. దాన్ని రోడ్డు పక్కన మెకానిక్ అరగంటలో శుభ్రం చేసి ఇవ్వగలడు. బీఎస్ 6 బండ్లలో చాలా వాటికి, ఆ పనిని సెన్సర్ల సాయంతో చేసే ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది. చలికాలం ఉదయం ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది కానీ, సెన్సర్‌లోనో పంపులోనో లోపం వస్తే స్కానర్ ఉన్న చోటికే తీసుకువెళ్లాలి. బడ్జెట్ బాగా తక్కువ ఉన్నవారికి 2020కి ముందు వచ్చి, ఎనిమిదేళ్లు దాటని బీఎస్ 4 బండ్లు ఇప్పటికీ తెలివైన ఎంపిక. ఇంకొక విషయం: 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు, గట్టిగా బ్రేకు వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్, ఆ లోపు వాటికి రెండు బ్రేకులూ కలిసి పనిచేసే సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. వాన పడిన రోడ్డు మీద ఈ తేడా తెలుస్తుంది.

ఎక్కడ కొనాలి: తెలిసినవారి దగ్గరా, డీలర్ దగ్గరా, యాప్‌లోనా?

చదువు ముగించుకొని ఊరు విడిచి వెళ్తున్న సీనియర్ దగ్గర, లేదా కాలనీలో కొత్త బండి కొంటున్న కుటుంబం దగ్గర కొనడం అన్నిటికన్నా మంచిది. బండి ఎక్కడ సర్వీసు చేయించారో, ఎప్పుడు పడిందో అడిగితే చెబుతారు. పేరు మార్పిడికి రమ్మంటే వస్తారు. డీలర్ దగ్గర ధర ఎక్కువ ఉంటుంది. అక్కడ టైర్లకు నలుపు రాసి, ట్యాంకుకు స్టిక్కర్లు వేసి మెరిపిస్తారు కాబట్టి పరిశీలన రెట్టింపు చేయాలి. అయితే కాగితాల పని ఆయనే చేయించి, ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) చేతికి వచ్చాక చివరి వాయిదా తీసుకుంటానంటే ఆ అదనపు ధరకు విలువ ఉంది.

యాప్‌లలో బజారు కంటే మరీ తక్కువ ధరకు బండి కనిపించి, అమ్మేవారు తాను సైన్యంలో పనిచేస్తున్నానని, బదిలీ అయిందని, బండి పార్సిల్‌లో పంపుతానని, ముందు కొంత పంపమని అంటే అక్కడితో సంభాషణ ఆపాలి. ఇది ఎన్నాళ్లుగానో సాగుతున్న మోసం. డబ్బు అందుకోవడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయవలసిన పనిగాని, యూపీఐ పిన్ నొక్కవలసిన పనిగాని ఎప్పుడూ ఉండదు. బండిని కళ్లతో చూడకుండా ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వకండి.

బండిని చూడటానికి వెళ్లినప్పుడు ఏమేం పరిశీలించాలి?

ఉదయం, పగటి వెలుతురులో వెళ్లాలి. తాము వచ్చేవరకు బండి స్టార్ట్ చేయవద్దని ముందే చెప్పాలి. వెళ్లగానే ఇంజిన్ మీద చేయి పెట్టి చూడాలి. వేడిగా ఉంటే, చల్లని ఇంజిన్ స్టార్ట్ కావడంలో ఉన్న ఇబ్బందిని దాచడానికి ముందే తిప్పి ఉంచారని అనుమానించవచ్చు. రెండు మూడు కిక్‌లలో స్టార్ట్ కావాలి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలిపోతోందని, అంటే పిస్టన్ రింగులు గాని వాల్వ్ సీళ్లు గాని అరిగాయని అర్థం. అలాంటి బండికి త్వరలోనే ఇంజిన్ పని తప్పదు కాబట్టి, ఆ ఖర్చు ధరలో తగ్గకపోతే వదిలేయాలి. నల్ల పొగ పెట్రోలు ఎక్కువ కాలడం వల్ల వస్తుంది. అది సాధారణంగా చిన్న ఖర్చుతో పోతుంది. చలి ఉదయం కొద్దిసేపు తెల్లని ఆవిరి కనిపిస్తే కంగారు పడనక్కర లేదు. ఇంజిన్ అడుగున, గ్యాస్కెట్ల చుట్టూ తాజా ఆయిల్ తడి ఉందా, లేక అప్పుడే నీళ్లతో కడిగారా అన్నదీ గమనించాలి.

తరువాత బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, ముందు చక్రం నేల నుంచి లేచేలా ఒకరిని వెనుక నొక్కమని, హ్యాండిల్‌ను నెమ్మదిగా ఇటూ అటూ తిప్పాలి. మధ్యలో పట్టేసినట్లు ఆగితే కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయింది. వెనుక చక్రాన్ని పక్కకు ఊపితే కదలకూడదు. కదిలితే అరిగినవి బుష్‌లా, బేరింగులా అన్నది చూడాలి. ముందు ఫోర్కుల గొట్టాల మీద వేలు రాసి చూసి, నూనె అంటితే సీళ్లు మార్చాలని లెక్క వేసుకోవాలి. స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కకు కొక్కెంలా వంగి ఉంటే చైన్‌తో సహా సెట్టంతా మార్చవలసిందే. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని. గాడి లోతుగా ఉన్నా, అయిదారేళ్లు దాటి పక్కలు పగిలిన టైరును నమ్మకూడదు.

నడిపి చూడకుండా కొనవద్దు. ఖాళీ రోడ్డు మీద బండి ఒక పక్కకు లాగుతోందా, గేర్లు వాటంతట అవే జారుతున్నాయా, క్లచ్ పూర్తిగా వదిలాక కూడా ఇంజిన్ శబ్దం పెరుగుతూ వేగం మాత్రం పెరగడం లేదా అన్నవి చూడాలి. చివరిది క్లచ్ ప్లేట్లు అరిగిన గుర్తు. మీకు అనుభవం లేకపోతే, అమ్మేవారికి సంబంధం లేని మెకానిక్‌ను రెండు మూడు వందలు ఇచ్చి వెంట తీసుకువెళ్లండి. మొత్తం కొనుగోలులో అంత సార్థకమైన ఖర్చు మరొకటి ఉండదు.

ప్రమాదానికి గురైన బండిని, వరదలో మునిగిన బండిని ఎలా గుర్తుపట్టాలి?

ఛాసిస్ (బండి చట్రం) మీద, ముఖ్యంగా హ్యాండిల్ కింది భాగంలో, కొత్త వెల్డింగ్ గీతలు గాని, ఒక్కచోట మాత్రమే కొత్త పెయింట్ గాని ఉంటే బండి గట్టిగా గుద్దుకుందని భావించాలి. హ్యాండిల్ ఎంత వరకు తిరగాలో ఆపే స్టాపరు విరిగి ఉండటం, ఫుట్‌రెస్టులు వంగి ఉండటం కూడా గుర్తులే. వెనుక నిలబడి చూస్తే రెండు చక్రాలూ ఒకే గీతలో ఉండాలి. ఛాసిస్ దెబ్బతిన్న బండిని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు. ఈ ఒక్క విషయంలో బేరానికి తావు లేదు.

2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేలాది ఇళ్ల ముందు బండ్లు నీళ్లలో మునిగాయి. శుభ్రం చేసి అమ్మిన అలాంటి బండ్లు ఏళ్ల తరువాత కూడా చేతులు మారుతూ ఉంటాయి. సీటు ఎత్తి, బ్యాటరీ పెట్టె మూలల్లో, హెడ్‌లైట్ లోపల, వైర్ల కనెక్టర్లలో ఎండిన బురద గాని, ఆకుపచ్చ తుప్పు గాని ఉందేమో చూడాలి. ఆయిల్ మూత విప్పినప్పుడు పాలు కలిపిన టీ రంగు కనిపిస్తే ఇంజిన్‌లోకి నీరు చేరిందని అర్థం.

మీటరులో తక్కువ కిలోమీటర్లు ఉన్నాయి. నమ్మవచ్చా?

మీటరు ఒక్కదాన్నే నమ్మలేము. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగినా ఏడాదికి తొమ్మిది వేలు అవుతుంది. ఆరేళ్ల బండి పద్నాలుగు వేలే తిరిగిందంటే కారణం అడగాలి. బ్రేక్ పెడల్, గేర్ రాడ్డు, ఫుట్‌రెస్ట్ రబ్బరు, హ్యాండిల్ గ్రిప్పులు నున్నగా అరిగిపోయి మీటరు మాత్రం తక్కువ చూపిస్తుంటే అంకెను మార్చారనే అనుకోవాలి. షోరూంలో సర్వీసు చేయించిన బండి అయితే నంబరు చెప్పి పాత జాబ్ కార్డుల వివరాలు చూపమని యజమానిని అడగవచ్చు.

ఏ కాగితాలు చూడాలి? పేరు మార్పిడి ఎలా జరుగుతుంది?

అసలు ఆర్‌సీ, చెల్లుబాటులో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ చూడాలి. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును, ఇంజిన్ నంబరును బండి మీద చెక్కి ఉన్న వాటితో ప్రతి అక్షరమూ పోల్చాలి. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒక్కటి గీకినట్లున్నా వెనక్కు రావాలి. కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, బీమా గడువు, ఫైనాన్స్ వివరం కనిపిస్తాయి. దొంగ బండేమోనన్న అనుమానం ఉంటే జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సేవలో చూడవచ్చు.

ఫైనాన్స్ మీద కొన్న బండి అయితే వాయిదాలన్నీ కట్టేసినా సరిపోదు. అప్పు ఇచ్చిన సంస్థ నుంచి ఎన్ఓసీ (తమకు అభ్యంతరం లేదని చెప్పే పత్రం), అప్పు ఒప్పందం ముగిసిందని తెలిపే ఫారం 35 తెచ్చి, ఆర్‌సీలో ఆ సంస్థ పేరు తొలగించాలి. అది పూర్తయ్యాకే డబ్బు ఇవ్వండి. పేరు మార్పిడికి అమ్మేవారు, కొనేవారు సంతకం చేసే ఫారం 29, ఫారం 30 ముఖ్యమైనవి. మోటారు వాహనాల చట్టం ప్రకారం అదే రాష్ట్రంలో జరిగిన అమ్మకాన్ని అమ్మినవారు 14 రోజులలో, కొన్నవారు 30 రోజులలో రవాణా శాఖకు తెలియజేయాలి. యజమాని చనిపోయి ఉంటే వారసులు ముందుగా ఫారం 31 ద్వారా బండిని తమ పేరు మీదకు మార్చుకొని ఆ తరువాతే అమ్మాలి. కొడుకు సంతకంతో తండ్రి బండి మీ పేరు మీదకు రాదు.

ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకొని తరువాత మార్చుకోవచ్చంటున్నారు. పర్వాలేదా?

పర్వాలేదనుకోవడం వల్లనే ఎక్కువ మంది చిక్కుల్లో పడుతున్నారు. అలాంటి బండి మూడు నాలుగు చేతులు మారి ఉంటుంది, ఆర్‌సీలో మాత్రం మొదటి యజమానే ఉంటారు. ఆయన ఊరు మారితే, ఫోను నంబరు మార్చుకుంటే, ఆధార్ ఓటీపీ అవసరమైన రోజున మీ పని ఆగిపోతుంది. దారిలో తనిఖీ జరిగితే బండి మీదేనని చూపడానికి ఏమీ ఉండదు.

అమ్మేవారికి కూడా ఇందులో ప్రమాదం ఉంది. బండి చేతులు మారినా రిజిస్ట్రేషన్‌లో పేరు ఎవరిదైతే, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ మాట మర్యాదగా చెబితే, పేరు మార్పిడికి రావడానికి బద్ధకించే చాలా మంది వెంటనే ఒప్పుకుంటారు. అప్పటికీ రానన్నవారి బండి కొనవద్దు.

ఆంధ్రప్రదేశ్ నంబరు బండిని హైదరాబాదులో వాడవచ్చా?

వాడవచ్చు. అయితే 12 నెలలకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని చట్టం చెబుతోంది. అందుకు సొంత రాష్ట్రం నుంచి ఫారం 28 ద్వారా ఎన్ఓసీ తెచ్చుకొని, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. 2014 జూన్ 2కు ముందు హైదరాబాదులోనే రిజిస్టరైన ఏపీ 09 వంటి పాత నంబర్లకు ఈ బాధ లేదు. కానీ అవి వయసు మీరిన బండ్లు. 2019 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా ఇచ్చిన ఏపీ 39 నంబరు బండిని హైదరాబాదు విద్యార్థి కొనాలనుకుంటే ఆ పన్నును ధరలో కలుపుకొని చూడాలి. చాలాసార్లు ఆ లెక్కతో చవకదనం పోతుంది. గుంటూరులో తండ్రి పేరు మీద కొని, చదువుకునే చోట తాత్కాలికంగా వాడుకునే వారు గడువును గుర్తుంచుకోవాలి.

పాత చలాన్లు ఎవరు కట్టాలి?

బండి చేతికి వచ్చిన తేదీ వరకు ఉన్నవన్నీ అమ్మేవారివే. డబ్బు ఇచ్చే ముందు ఈ-చలాన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి, వారి ముందే కట్టించాలి. బండి అప్పగించిన తేదీని, గంటను కూడా రాసి, ఇద్దరూ సంతకం చేసిన కాగితం చెరొక ప్రతి ఉంచుకుంటే తరువాత వాదన ఉండదు.

బీమా సంగతి ఏమిటి?

2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా (ప్రమాదంలో ఎదుటివారికి జరిగిన నష్టానికి వర్తించేది) తప్పనిసరి. 2022లో కొన్న బండికి అందువల్ల 2027 వరకు ఆ భాగం మిగిలి ఉండవచ్చు. థర్డ్ పార్టీ రక్షణ అమ్మకంతో పాటే కొన్నవారికి సంక్రమిస్తుంది. పాలసీలో పేరు మార్చమని మాత్రం 14 రోజులలో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. బండికే జరిగిన నష్టానికి పరిహారం కావాలంటే పేరు మారి ఉండటం అవసరం. పరిహారం అడగని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, అమ్మినవారిదే. అది మీకు రాదు. గడువు తీరి ఉంటే బండి కదిలించే ముందే కొత్త పాలసీ తీసుకోండి. 2022 జూన్ నుంచి 75 సీసీ దాటి 150 సీసీ లోపు బండ్లకు ఏడాది థర్డ్ పార్టీ ప్రీమియం, పన్ను కాక, 714 రూపాయలుగా నిర్ణయించారు. పరిహారం దావాతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం.

పాత ఎలక్ట్రిక్ స్కూటర్ చవకగా వస్తోంది. కొనవచ్చా?

బ్యాటరీ వారంటీ ఇంకా మిగిలి ఉండి, అది కొత్త యజమానికి మారుతుందని కంపెనీ కాగితం మీద ఇస్తే కొనవచ్చు. లేకపోతే వద్దు. హాస్టల్లో ఉండేవారు చార్జింగ్‌కు అనుమతి ఉందో లేదో ముందే వార్డెన్‌ను అడగాలి.

లైసెన్సు లేకుండా బండి కొనవచ్చా?

కొనడానికి అడ్డులేదు కానీ నడపకూడదు. గేర్ల బండికి పద్దెనిమిదేళ్లు నిండాలి. లెర్నింగ్ లైసెన్సు వచ్చిన 30 రోజుల తరువాతే పూర్తి లైసెన్సు పరీక్షకు వెళ్లగలరు కాబట్టి, జూలైలో తరగతులు మొదలైతే మే నెలలోనే దరఖాస్తు పెట్టుకోవడం మంచిది. పద్దెనిమిది నిండని పిల్లలకు తల్లిదండ్రులు బండి ఇస్తే, చట్టంలోని 199ఏ సెక్షన్ కింద వారికే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇంటర్మీడియట్ పిల్లల పట్టుదలకు లొంగే తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి.

బండి కొన్నాక మొదట ఏం చేయించాలి?

అమ్మినవారు నిన్ననే మార్చామన్నా సరే, ఇంజిన్ ఆయిల్ మార్పించండి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్ చూపించి, బ్రేక్ షూలు విప్పి చూడమనండి. హెడ్‌లైటు, బ్రేక్ లైటు, ఇండికేటర్లు పనిచేయకుండా సాయంత్రం ల్యాబు నుంచి ఇంటికి బయలుదేరవద్దు. తాళాలు రెండూ అడిగి తీసుకోవాలి. ఒక్కటే ఇస్తే తాళం సెట్టు మార్చాలి. స్ప్లెండర్ వంటి బండికి హ్యాండిల్ లాక్‌తో పాటు చక్రానికి విడిగా తాళం వేయడం అలవాటు చేసుకోవాలి. ఆర్‌సీ, బీమా ప్రతులు డిజీలాకర్‌లోకి తెచ్చుకుంటే తనిఖీలో అవి చెల్లుతాయి, అసలు కాగితాలు ఇంట్లోనే భద్రంగా ఉంటాయి.